నీడను అమ్ముకున్న మనిషి: సోజర్నర్ ట్రూత్ ఫోటోని ఎట్లా చదవాలి?

పాత ఫోటోలో ఒక ఆడమనిషి ముఖం కనబడగానే మనం చేసే మొదటి పని ఆమె మనసులోకి దూరడం. ఆ కళ్ళల్లో ఎంత దుఃఖం ఉందో చూడండి అంటాం. ఎంత ఓర్పు అంటాం, ఎంత అమాయకత్వం అంటాం. ఆమె నల్లజాతి మనిషో, దళిత మనిషో అయితే ఈ తొందర ఇంకా ఎక్కువ. బాధ తప్ప ఆ ముఖంలో ఇంకోటి ఉండొచ్చని మనకు తోచనే తోచదు. ఆ ఫోటో ఎవరు తీయించారు, డబ్బులు ఎవరిచ్చారు, ఆ బట్టలు ఎవరు ఎంచారు, ఆ చేతులు అక్కడ ఎందుకు పెట్టారు అనేవి అడక్కుండానే ముఖాన్ని చదివేస్తాం. ఇది చూడ్డానికి జాలిలాగే ఉంటుంది గానీ లోపల ఉండేది ఆధిపత్యమే. ఎదుటి మనిషికి ఒక ఆలోచన, ఒక ఎత్తుగడ ఉంటాయని ఒప్పుకోకపోవడమే అది.

ఫోటోలోని ముఖాన్ని చుట్టూ ఉన్న సంగతుల నుంచి విడదీసి చదవకూడదని మా వాదన. దీన్ని ఉత్త మాటగా చెప్పకుండా ఒక్క ఫోటోని దగ్గర పెట్టుకుని చూద్దాం. అది 1864లో అమెరికాలో సోజర్నర్ ట్రూత్ తీయించుకున్న ఫోటో.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన పల్లె అని కొందరికి అనిపించొచ్చు. ఈ చుట్టరికం మనం కొత్తగా కలుపుకున్నది కాదు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో అచ్చేసిన 'గులాంగిరి' పుస్తకాన్ని, నల్లవాళ్ళ బానిసత్వాన్ని రద్దుచేసే పనిలో త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. అప్పటికి సోజర్నర్ ట్రూత్ బతికే ఉంది, ఊరూరా తిరిగి మాట్లాడుతూనే ఉంది. వందేళ్ళ తర్వాత 1972లో బొంబాయిలో మన యువకులు పెట్టుకున్న సంఘానికి దళిత్ పాంథర్స్ అనే పేరు కూడా అమెరికా నల్లజాతి ఉద్యమం నుంచి వచ్చిందే.

ఎవరీమె?

ఆమె పుట్టుక పేరు ఇసబెల్లా. 1797 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని అల్‌స్టర్ కౌంటీలో బానిస తల్లిదండ్రులకు పుట్టింది. యజమానులు డచ్చి వాళ్ళు కాబట్టి చిన్నప్పుడు ఆమెకు వచ్చింది డచ్చి భాష ఒక్కటే. తొమ్మిదేళ్ళ వయసులో ఆమెను వేలం వేసి, ఒక గొర్రెల మందతో కలిపి వంద డాలర్లకు అమ్మారు. కొత్త యజమానిది ఇంగ్లీషు. చెప్పిన పని అర్థం కాలేదని ఆ పిల్లను కొట్టేవాళ్ళు. తర్వాత ఇంకా చేతులు మారి జాన్ డుమాంట్ అనే వాడి దగ్గరికి చేరింది.

న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827 జూలై 4తో ముగుస్తుందని చట్టం వచ్చింది. బాగా పనిచేస్తే ఒక ఏడాది ముందే వదిలేస్తానని డుమాంట్ మాటిచ్చాడు. ఆ ఏడాది ఆమె చెయ్యి దెబ్బతింది. చెయ్యి బాగోలేక పని తగ్గిందని చెప్పి డుమాంట్ మాట తప్పాడు. ఆమె ఇంకా కొన్ని నెలలు ఉండి, వంద పౌన్ల దాకా ఉన్ని వడికి, ఇక తన బాకీ తీరిందని తనకు తానే లెక్క చెప్పుకుంది. 1826 చివర్లో ఒకరోజు తెల్లవారకముందే పసిబిడ్డను ఎత్తుకుని ఆ ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయింది. దక్షిణాదికి అక్రమంగా అమ్మేసిన తన కొడుకు పీటర్ కోసం తెల్లవాళ్ళ మీద కోర్టుకెక్కి 1828లో గెల్చుకుంది. 1843లో పాత పేరు వదిలేసి సోజర్నర్ ట్రూత్ అని తనకు తానే పేరు పెట్టుకుంది. సత్యం చెప్పుకుంటూ తిరిగే బాటసారి అని దాని అర్థం. 1883లో మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో చనిపోయింది. చదవడం, రాయడం ఆమెకు చివరిదాకా రాలేదు.

ఫోటోలో ఏముంది?

ముందు కనబడేదాన్ని మాత్రమే చెప్పుకుందాం. ఇది రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న అట్టముక్క. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫోటోగ్రాఫర్ హక్కు పొందిన పద్ధతి ఇది. ఒకే పలక మీద చాలా బొమ్మలు తీసి, కాగితం మీద అచ్చువేసి, అట్టకు అతికించేవాళ్ళు. చవగ్గా దొరికేది కాబట్టి అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో జనం వీటిని విపరీతంగా కొని ఆల్బంలలో దాచుకున్నారు.

బొమ్మలో అరవై దాటిన ఒక నల్లజాతి స్త్రీ కుర్చీలో కూచుని ఉంది. ముదురు రంగు గౌను, భుజాల మీద తెల్ల శాలువా, నెత్తిన తెల్ల గుడ్డ టోపీ, కళ్ళజోడు. పక్కన చిన్న బల్ల, దాని మీద పూలు పెట్టిన గాజుపాత్ర, ఒక పుస్తకం. ఆమె చేతుల్లో అల్లిక పని ఉంది. ఉన్ని దారం వేళ్ళ మధ్య నుంచి గౌను మీదుగా కిందికి జారుతోంది. ముఖంలో నవ్వు లేదు. బొమ్మ కింద ఒక వాక్యం, ఆమె పేరు అచ్చై ఉన్నాయి.

నవ్వు లేనంతమాత్రాన దుఃఖమేనా?

ఆ కాలపు ఫోటోల్లో దొరలు నవ్వలేదు, దొరసానులూ నవ్వలేదు. కెమెరా ముందు కొన్ని సెకండ్లు కదలకుండా ఉండాలి, కదిలితే బొమ్మ చెరిగిపోతుంది. తల కదలకుండా వెనకనుంచి ఇనప కొక్కెం ఆనించేవాళ్ళు. పైగా పళ్ళు కనబడేట్టు నవ్వడం పెద్దమనిషి తరహా కాదని అప్పటి మర్యాద. కాబట్టి బిగిసిన పెదాల్లో కనబడేది కొంత ఆనాటి యంత్రం పెట్టిన నియమం, కొంత ఆనాటి మర్యాద. ఒక తెల్ల దొరసాని ఇట్లాగే కూచుంటే 'హుందాతనం' అని రాసి, నల్లజాతి స్త్రీ కూచుంటే 'విషాదం' అని రాస్తే, ఆ తేడా ఎక్కడినుంచి వచ్చినట్టు? ముఖం నుంచి కాదు, చూసేవాడి నుంచి.

మన ఇళ్ళల్లో ఉన్న పాత స్టూడియో ఫోటోలూ ఇంతే గదా. మనోళ్ళు నిటారుగా నిలబడి, కుర్చీ మీద చెయ్యేసి, కెమెరాని సూటిగా చూస్తుంటారు. అది భయమని చెప్పేవాళ్ళున్నారు. నలుగురిలో తల ఎత్తుకుని నిలబడ్డానికి దొరికిన ఒక్క అరగంట అది అని ఎందుకు అనుకోకూడదు?

గుడ్డ చెప్పే సంగతి

ఈ ఫోటో పక్కన ఇంకో రెండు ఫోటోల్ని తలుచుకోవాలి. వాటిని మేం ఇక్కడ అచ్చు వెయ్యడం లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

1850లో దక్షిణ కరోలినాలోని కొలంబియా పట్టణంలో జోసెఫ్ జీలీ అనే ఫోటోగ్రాఫర్ ముందు కొందరు బానిసల్ని నిలబెట్టారు. హార్వర్డ్ ప్రొఫెసర్ లూయి అగాసీ కోసం ఆ ఫోటోలు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ వేరువేరుగా పుట్టిన జాతులని చెప్పడం ఆ ప్రొఫెసర్ సిద్ధాంతం. దానికి రుజువులుగా మనుషుల శరీరాలు కావాల్సొచ్చాయి. అట్లా నిలబెట్టిన వాళ్ళలో డీలియా, డ్రానా అనే ఇద్దరు ఆడబిడ్డలున్నారు. డీలియా రెంటీ కూతురు, డ్రానా జాక్ కూతురు. వాళ్ళ బట్టల్ని నడుం దాకా దించి తీశారు. ఆ వెండిపూత రేకులు 1976లో హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం అటక మీద బయటపడ్డాయి. తాను రెంటీ వారసురాలినని చెబుతూ టమారా లానియర్ 2019లో హార్వర్డ్ మీద దావా వేసింది. 2025లో రాజీ కుదిరి, ఆ ఫోటోల్ని హార్వర్డ్ వదులుకోవడానికి, అవి దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరంలో ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంకు చేరడానికి ఒప్పందమైంది.

డీలియా ముఖంలోనూ నవ్వు లేదు. సోజర్నర్ ట్రూత్ ముఖంలోనూ నవ్వు లేదు. ముఖాన్ని ఒక్కదాన్నే కత్తిరించి పక్కపక్కన పెడితే రెండింటినీ 'మౌన వేదన' అని ఒకే పేరుతో పిలిచే ప్రమాదం ఉంది. తేడా అంతా ముఖానికి బయటే ఉంది. డీలియా ఒంటి మీది గుడ్డను దించింది ఇంకొకరి ఆజ్ఞ. ట్రూత్ మెడ దాకా కప్పుకుంది తన నిర్ణయం.

ఆ నిర్ణయం వెనక ఒక చరిత్ర ఉంది. 1858లో ఇండియానా రాష్ట్రంలోని సిల్వర్ లేక్ అనే ఊళ్ళో ట్రూత్ సభ జరిగింది. బానిసత్వాన్ని సమర్థించే గుంపు లేచి, మాట్లాడేది ఆడది కాదు, మగవాడు వేషం వేసుకొచ్చాడని గోల చేసింది. రొమ్ము చూపించి రుజువు చేసుకోమంది. ఆమె ఆ సభలోనే రొమ్ము చూపించింది. తన బిడ్డలకు కరువు చేసి ఈ పాలు తాగింది తెల్లబిడ్డలేననీ, ఇందులో సిగ్గుపడాల్సింది తాను కాదనీ ఆ గుంపుకు చెప్పింది. ఆరేళ్ళ తర్వాత అదే మనిషి కెమెరా ముందు తెల్ల శాలువా కప్పుకుని కూచుంది. ఆ శాలువాని ఉత్త అలంకారంగా చూస్తే సగం ఫోటో మనకు కనబడనట్టే.

మన దేశంలో గుడ్డ కోసం జరిగిన కొట్లాటలు తెలిసిన వాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవడానికి దశాబ్దాల పాటు దెబ్బలు తిని పోరాడితే 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. అందులోనూ అగ్రకులాల ఆడవాళ్ళు కప్పుకునే పద్ధతిలో కప్పుకోకూడదనే షరతు పెట్టాడు. ఒంటిని ఎవరు చూడాలో, ఎంత చూడాలో తేల్చే అధికారమే కులం, అదే జాత్యహంకారం.

చేతులు

ఇప్పుడు చేతులకు వద్దాం. పాఠకులు ముఖం దగ్గరే ఆగిపోతారు గానీ, శ్రమజీవుల ఫోటోల్లో ముందు చూడాల్సింది చేతుల్ని.

ఆ చేతుల్లో ఉన్నది ఉన్ని దారం. స్టూడియోలో ఊరికే పెట్టిన వస్తువని కొట్టెయ్యొచ్చు. పూలపాత్ర, పుస్తకం అట్లాంటివే అయ్యుండొచ్చు కూడా. దారం సంగతి వేరు. చెయ్యి పనికి రాదని చెప్పి మాట తప్పిన యజమానికి వంద పౌన్ల ఉన్ని వడికి పారేసి నడిచొచ్చిన మనిషి ఈమె. దెబ్బతిన్న ఆ చేతులతోనే ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత కెమెరా ముందు దారం పట్టుకుంది. ఇది ఆమె మనసులో ఉందని మేం ప్రమాణం చెయ్యలేం. ఆమె బతుకు తెలిసిన వాళ్ళకు ఆ దారం ఉత్త దారంలా కనబడదని మాత్రం అంటున్నాం.

ఇంకో అర్థం ఆ కాలానిది. 1864లోనే ఆమె వాషింగ్టన్ దగ్గర, విముక్తి పొందిన బానిసల కోసం కట్టిన ఫ్రీడ్‌మెన్స్ విలేజ్ అనే పేటలో పనిచేసింది. అక్కడి ఆడవాళ్ళకు ఇంటి పనులు, చేతిపనులు చెప్పేది. బానిసత్వం పోతే నల్లవాళ్ళు సోమరులైపోతారని అప్పుడు తెల్ల పత్రికల గోల. అల్లుతూ కూచున్న చేతులు ఆ గోలకు జవాబు. పని చెయ్యడానికి మాకు కొరడా అక్కర్లేదు, మా పని మాదైతే చాలు అని ఆ భంగిమ చెబుతోంది.

అంతకు ముందరి ఏడాది, 1863లో తీయించుకున్న ఇంకో ఫోటోలో ఆమె ఒళ్ళో దారం లేదు. తెరిచిన చిన్న పెట్టెలో ఒక యువకుడి ఫోటో ఉంది. అతను ఆమె మనవడు జేమ్స్ కాల్డ్‌వెల్. నల్లవాళ్ళతో ఏర్పాటైన 54వ మసాచుసెట్స్ పటాలంలో చేరి, శత్రువులకు ఖైదీగా చిక్కాడు. ఫోటోలో ఫోటో పెట్టుకుని కూచున్న ఆ అమ్మమ్మ భంగిమలో దిగులు ఉందనుకుంటే ఉండొచ్చు. కానీ ఆ దిగులుకి ఒక పేరు, ఒక పటాలం, ఒక యుద్ధం ఉన్నాయి. మా ఇంటి బిడ్డను ఈ యుద్ధానికి ఇచ్చామని దేశానికి చూపించడం ఉంది. దాన్ని 'తల్లి మనసు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అందులోని రాజకీయం మాయమైపోతుంది.

బల్ల మీది పుస్తకం గురించి ఒక మాట. చదువురాని మనిషి పక్కన పుస్తకమేమిటని వెక్కిరించొచ్చు. ఈ మనిషి తన జీవితకథను ఆలివ్ గిల్బర్ట్ చేత రాయించి 1850లో అచ్చేయించింది. సభల్లో ఆ పుస్తకం అమ్ముకుని బతికింది. అక్షరం రాకపోయినా పుస్తకం ఆమెదే.

బొమ్మ కింది వాక్యం, వెనకాల ముద్ర

ఫోటో కింద అచ్చైన వాక్యానికి అర్థం ఇది: అసలు మనిషిని నిలబెట్టుకోవడానికి నేను నీడను అమ్ముతున్నాను. ఆ రోజుల్లో ఫోటోని నీడ అనడం వాడుక. మామూలు వ్యాపారపు మాటని తీసుకుని ఆమె పూర్తిగా తిప్పేసింది. తొమ్మిదేళ్ళప్పుడు గొర్రెలతో పాటు ఆమెను అమ్మారు, డబ్బు ఇంకొకరు తీసుకున్నారు. ఇప్పుడు అమ్ముడయ్యేది నీడ మాత్రమే, అమ్మేది ఆమె, డబ్బూ ఆమెదే. ఆ డబ్బుతోనే తిరుగుళ్ళు, సభలు, ఇంటి ఖర్చులు.

అట్ట వెనక ఇంకో విశేషం ఉంది. 1864లో ఈ ఫోటో మీద హక్కుని ఆమె తన పేరనే మిషిగన్ జిల్లా కోర్టు గుమాస్తా కార్యాలయంలో నమోదు చేయించింది. ఫోటో మీద హక్కు మామూలుగా ఫోటోగ్రాఫర్‌ది. కూచున్న మనిషి, అందులోనూ చదువురాని నల్లజాతి స్త్రీ, ఒకప్పుడు తానే ఇంకొకరి ఆస్తిగా ఉన్న మనిషి, తన బొమ్మ తన ఆస్తి అని చట్టం చేత రాయించింది.

ఇంత పట్టుదల ఎందుకంటే ఆమె మాటల్ని ఇతరులు ఏం చేశారో చూడాలి. 1851లో అక్రన్ పట్టణంలో జరిగిన స్త్రీల హక్కుల సభలో ఆమె మాట్లాడింది. ఆ మరుసటి నెలలో మారియస్ రాబిన్సన్ రాసిన వార్తలో ఆమె మాటలు మామూలు ఇంగ్లీషులో ఉన్నాయి. పన్నెండేళ్ళ తర్వాత 1863లో ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్ల సంస్కర్త అదే ప్రసంగాన్ని దక్షిణాది బానిసల యాసలో రాసింది. డచ్చి మాట్లాడుతూ న్యూయార్క్‌లో పెరిగిన మనిషికి దక్షిణాది యాస ఎక్కడిది? ఇవాళ ప్రపంచమంతా ఆమె పేరుతో చెప్పుకునే ఆ ప్రశ్న గేజ్ రాసిన దాంట్లోనే ఉంది, రాబిన్సన్ వార్తలో లేదు. అదే ఏడాది ప్రసిద్ధ రచయిత్రి హారియట్ బీచర్ స్టోవ్ ఆమెను ఏదో ఆఫ్రికా సోదెమ్మలాగా వర్ణించింది. బతికున్న మనిషిని చనిపోయినట్టు కూడా రాసింది. వీళ్ళు శత్రువులు కాదు, మేలుకోరేవాళ్ళే. మేలుకోరేవాళ్ళే ఆమెకు ఒక యాసని, ఒక వేషాన్ని తగిలించారు.

ఈ రాతలు వచ్చిన 1863 నుంచే ఆమె స్టూడియోలకు వెళ్ళి ఫోటోలు తీయించుకోవడం గమనించాలి. ఆ ఫోటోల్లో సోదెమ్మ లేదు, తలగుడ్డ చుట్టిన దాసీ లేదు. కళ్ళజోడు పెట్టుకుని, తన పని చేసుకుంటూ, చూసేవాడి వైపు తిరిగి చూస్తున్న ఒక పెద్దామె ఉంది. మాటని తిరగరాయొచ్చు గానీ ఈ చూపుని తిరగరాయడం కష్టం.

మన దగ్గర

మన వాళ్ళ ఫోటోల చరిత్ర ఎక్కువగా డీలియా వైపుదే. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషు ప్రభుత్వం 'పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు వేసింది. అందులో నాలుగు వందలకు పైగా ఫోటోలున్నాయి. ఎక్కువ బొమ్మల కింద మనిషి పేరుండదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కొలబద్దలు పట్టుకుని జనం ముక్కులూ తలలూ కొలిచాడు. 1909లో ఆయన, రంగాచారి కలిసి తెచ్చిన 7 సంపుటాల్లో మాల, మాదిగ కులాల మీదా రాశారు. పేరు లేని మనిషి ముఖాన్ని కులానికి 'నమూనా'గా చూడ్డం అప్పట్నించే మన కళ్ళకు అలవాటు చేశారు.

ఆ అలవాటు పోలేదు. దాడి జరిగిన ప్రతిచోటా పత్రికలకు కావాల్సింది తల బాదుకుంటున్న ఆడమనిషి ఫోటో. అంతకు గంట ముందు ఆమె పోలీసుల్ని నిలదీసి ఉండొచ్చు. ఆ చెయ్యి ఫోటోలోకి రాదు. కారంచేడు సంగతే చూడండి. 1985 జూలైలో మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ కొట్టబోయిన వాళ్ళ మీదికి బిందె ఎత్తింది. మన ఉద్యమ చరిత్రలో అంతకంటే పెద్ద భంగిమ ఏముంది? అది మన నోటి మాటల్లో, పాటల్లో బతికింది. 'బాధితులు' అనే ఒక్క మాట కింద దాన్ని పూడ్చిపెట్టడం చాలా తేలిక.

అందుకే ఉపాధ్యాయులకు, సంఘాల్లో పనిచేసే మిత్రులకు మా సూచన ఇది. తరగతిలో గానీ, కరపత్రం మీద గానీ, సభ ఫ్లెక్సీ మీద గానీ మన ఆడవాళ్ళ ఫోటో పెట్టేముందు ముఖం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఫోటో తీయమన్నది ఎవరని అడగండి. గుడ్డ ఎవరి ఇష్టం, చేతుల్లో ఉన్నదేమిటి, కింద రాసింది ఆమె పేరా లేక కులం పేరా చూడండి. ఆమె బతికుంటే, ఈ ఫోటో వాడుకోవచ్చా అమ్మా అని అడగండి. వద్దంటే మానెయ్యండి. ఇవన్నీ తేలాక ముఖం వైపు చూడండి. అప్పటికీ ఆ చూపులో ఏముందో మనకు పూర్తిగా తెలియకపోవచ్చు. ఫర్వాలేదు. తన లోపలిదంతా మన ముందు పరచాల్సిన బాకీ ఆమెకు లేదు. సోజర్నర్ ట్రూత్ కూడా అమ్మింది నీడ వరకే.